పోస్టుకార్డు మందం

బావగారికి నమస్కారం.

ఇక్కడ మనుషులమంతా కులాసా. మిషను ఒక్కటే కులాసాగా లేదు. ఫోన్లో చెబుదామంటే మన ఇద్దరి చెవుల సంగతి మీకు తెలిసిందే. నా చెవులు ఈ చిత్రిక మిషను తినేసింది, మీవి మీ వర్క్‌షాపు తినేసింది. పోయినసారి మనం ఫోన్లో ఒకరి ఆరోగ్యం ఒకరు అడుగుతుంటే ఎదురింటి టైలరు గొడవ సర్దిచెప్పడానికి వచ్చాడు. అందుకని ఉత్తరమే మేలు. నేను చెబుతుంటే మా కోడలు, అనగా మీ అమ్మాయి, రాస్తోంది. నా రాత నాకే అర్థం కాదు.

విషయానికొస్తాను. పెళ్లి మాటలకి మా ఇంటికొచ్చినప్పుడు మీరు అబ్బాయిని చూడటం మానేసి గంటసేపు నా మిషను చుట్టూ తిరిగారు. "పోత ఇనుమండీ, ఇలాంటిది ఇప్పుడు పోసేవాడు లేడు" అన్నారు. ఆ మాటకే నేను సంబంధం ఖాయం చేసుకున్నాను. మూతపడ్డ పెట్టెల ఫ్యాక్టరీ నుంచి నలభై ఏళ్ల కిందట తెచ్చుకున్నాను దాన్ని. అప్పటికే దాని వయసు నా వయసుకి రెట్టింపు. ఇటునుంచి గరుకు పలక పెడితే, పైనున్న కత్తులు గీకి అటునుంచి ఒకే మందంగా పంపిస్తుంది. కత్తులు సన్నటి అలలు వదులుతాయి కాబట్టి ఆఖర్న నేను చేతి చిత్రిక పడతాను. ఈ ఊళ్లో నున్నగా ఉన్న ప్రతి బల్లా అలా వచ్చిందే.

ఇప్పుడది మూలుగుతోంది. బేరింగులు అరిగిపోయాయి, ఒళ్లంతా తుప్పు. సరిగ్గా ఇప్పుడే లైబ్రరీ వాళ్లు చదువుకునే గదికి పొడుగు బల్ల చెప్పారు. ఏడు వెడల్పాటి పలకలు పక్కపక్కన అతకాలి, ఇటు పన్నెండుమంది అటు పన్నెండుమంది కూర్చోవాలి. మూడు నెలలు గడువు. నా వయసుకి ఇంతకన్నా పెద్ద పని ఇంక రాదు. నా పేరు నిలబడినా ఆ బల్లతోనే, పోయినా ఆ బల్లతోనే.

కాబట్టి మిషనుని లారీలో మీ దగ్గరికి పంపిస్తున్నాను. తుప్పు వదిలించండి, బేరింగులు మార్చండి. మిగతా దేన్నీ ముట్టుకోవద్దు. దానికీ నాకూ కుదిరిపోయింది.

ఇట్లు,
మీ బావ,
వడ్రంగి మేస్త్రి.

తా.క. లారీ బయల్దేరగానే విడిగా ఒక కార్డు ముక్క రాస్తాను.

తా.క. ఇది నేను, నాన్నా. మిషనుని లారీ ఎక్కిస్తుంటే మామయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. నన్ను కాపురానికి పంపించేటప్పుడు నువ్వు ఇంతగా బాధపడలేదు.

*

బావగారికి,

మిషను క్షేమంగా చేరింది. నలుగురు కలిసి దించారు. నేను అయిదోవాణ్ని, పక్కన నిలబడి భయపడ్డాను.

ముందుగా మీకో కృతజ్ఞత చెప్పాలి. ఫిట్టరుగా ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాక, పాత మిషన్లు బాగుచేసుకుంటూ సుఖంగా ఉన్నవాణ్ని. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఏడాదిగా ఆకురాయి పట్టలేదు. మా ఇంటావిడ షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది. మీ మిషను పేరు చెప్పి అడిగాను. వియ్యంకుడి పని కదా, కాదనలేకపోయింది. ఈ మిషను సరిగ్గా వస్తే నా చేతులు ఇంకా పనికొస్తాయని నాకు నమ్మకం కుదురుతుంది. రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

పనిలోకి దిగాను. మిషను కడుపులో రెండు తట్టల పొట్టు, ఆరు పెన్సిళ్లు, ఒక దువ్వెన, మీరు మా అమ్మాయి పెళ్లిలో కూడా తలుచుకుని బాధపడిన పాత కళ్లజోడు దొరికాయి. తుప్పుపట్టిన భాగాలన్నీ కిరసనాయిల్లో నానేశాను. బేరింగుల్లో పాత లోహం కరిగించి తీసేసి, కొత్త లోహం కాచి పోశాను. ఇప్పుడు ఇరుసు వేలితో తిప్పితే తిరుగుతోంది. అంతవరకూ బాగుంది.

తరవాత, పలక ఆనుకుని నడిచే ఇనప పీఠాన్ని పరీక్షించాను. మీరు "లారీ బయల్దేరినది" అని రాసిన కార్డు జేబులో ఉంటే దాన్నే కొలతకి వాడాను. కుడిపక్క కత్తికీ పీఠానికీ మధ్య మీ కార్డు బిగువుగా దూరింది. ఎడమపక్క మీ కార్డు దూరాక ఇంకా ఖాళీ ఉంది. కరెంటాఫీసు వాళ్ల కార్డు కూడా తోడు పెడితే అప్పుడు బిగిసింది. అంటే ఈ మిషను నుంచి వచ్చే ప్రతి పలకకీ ఎడమ అంచు ఒక పోస్టుకార్డు మందం ఎక్కువగా వస్తోందన్నమాట. ఇది మీకు తెలిసే ఉంటుంది. తెలిసి కూడా నలభై ఏళ్లు నెట్టుకొచ్చారంటే మీ ఓపికకి దణ్ణం పెట్టాలి. ఇంక మీకా బాధ వద్దు. పీఠం సరిచేసే పంపిస్తాను.

ఉంటాను,
మీ బావ,
ఫిట్టరు.

తా.క. అమ్మలూ, ఈ కిందిది మీ మామగారికి చదివి వినిపించకు. ఆయన చేసిన బల్లల మీద గ్లాసు పెడితే నిలబడుతోందా? ఊరికే అడుగుతున్నాను.

*

బావగారికి,

మీ ఉత్తరం అందింది. మా కోడలు చదువుతూ చివర్లో ఒకచోట ఆగి, మంచినీళ్లు తాగి, "అంతే మామయ్యగారూ" అంది. అంతే కాదని నాకు తెలుసు. చెవులు పోయినవాడు ఎదుటివాళ్ల మొహాలు బాగా చదువుతాడు.

మూడు సంగతులు చెబుతాను, తాపీగానే చెబుతాను. నేను మీకు ఆదరంగా రాసిన కార్డుని తీసుకెళ్లి గ్రీజులో దూర్చడం మర్యాద కాదు. కరెంటాఫీసు వాళ్ల కార్డుకి దాన్ని జతచెయ్యడం అసలు మర్యాద కాదు. ఇక మూడోది. నలభై ఏళ్లుగా ఒక మనిషి బల్లలు చేస్తున్నాడు. ఒక్క బల్ల వెనక్కి రాలేదు. అతుకు మీద అరచెయ్యి వేసి నడిపిస్తే ఎక్కడ అతికానో నాకే తెలియదు. ప్రతి పలకకీ ఒక అంచు కార్డు మందం ఎక్కువుంటే, ఒకదాని లావు అంచు పక్కన ఇంకోదాని సన్నటి అంచు వచ్చి, ప్రతి అతుకు దగ్గరా మెట్టు తగలాలి. ఒక్క మెట్టు చూపించండి, నేను రంపం పట్టడం మానేస్తాను.

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. వియ్యం అయిపోయింది. రెండోది మీరు మొదలుపెట్టారు.

ఉత్త నోటిమాటలు చెప్పను. రేపణ్నించి ఇనప బద్ద, ఒక పోస్టుకార్డు పట్టుకుని బయల్దేరుతున్నాను. ఈ ఊళ్లో నేను చేసిన ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, అడ్డంగా బద్ద పెట్టి, దాని కింద కార్డు దూరుతుందేమో చూస్తాను. లెక్క మీకు రాస్తాను. ఈలోగా పీఠం మీద చెయ్యి వెయ్యొద్దు. మళ్లీ చెబుతున్నాను, వెయ్యొద్దు.

ఇట్లు,
మీ అమ్మాయికి మామగారు.

తా.క. గ్లాసు నిలబడుతోంది.

తా.క. నాన్నా, నేను వినిపించలేదు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఎండకి పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. మామయ్యగారు చెప్పినవాటిలో నాలుగు మాటలు నేను రాయలేదు. అడిగితే కలంలో సిరా అయిపోయిందన్నాను.

*

బావగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి మీ మిషను మళ్లీ లారీ ఎక్కేసింది. దాదాపు సగం దారిలో రెండూ ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. ఏంచేస్తాం.

పీఠం సరిచేశాను. దాచిపెట్టి లాభం లేదు కాబట్టి ఎలా చేశానో కూడా చెబుతాను. పీఠం మీద నీలిరంగు పల్చగా రాసి, నా దగ్గరున్న సమతల పలక దాని మీద తిప్పితే ఎత్తుగా ఉన్నచోట మాత్రం రంగు చెరుగుతుంది. ఆ చోటుని గోకుడు ఉలితో పిసరంత గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ పలక, మళ్లీ గీకుడు. అలా పదకొండు రోజులు. తొమ్మిదో రోజున నా కన్నే నన్ను మోసం చేస్తోందేమోనని అనుమానం వచ్చింది. అద్దం తెచ్చి చూశాను, వేలితో చూశాను, మా ఇంటావిడ వేలితో కూడా చూయించాను. ఇప్పుడు కార్డు మాట అలా ఉంచండి, సిగరెట్టు పెట్టెలోని కాగితం కూడా రెండు పక్కలా ఒకే బిగువుతో దూరుతోంది. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఇంత శుద్ధంగా ఏ పనీ చెయ్యలేదు. ఆ రోజు నాకు మళ్లీ ఉద్యోగం వచ్చినట్టనిపించింది. మా ఇంటావిడ ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. వాళ్లకేం అర్థం కాలేదు గానీ చాలాసేపు తల ఊపారు.

మీ మనసు నొచ్చుకుందని అర్థమైంది. తేడా చూసి చెప్పకపోతే నేను ఫిట్టర్ని కాను. చెప్పి నొప్పిస్తే వియ్యంకుణ్ని కాను. ఈ రెంటి మధ్యా నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి. మీ మాట నేను అబద్ధం అనడం లేదు. రెండు కార్డులు దూరిన మాట కూడా అబద్ధం కాదు.

బల్ల మొదటి పలక వచ్చాక ఒక్క ముక్క రాయండి. ఎదురుచూస్తుంటాను.

మీ బావ,
ఫిట్టరు.

తా.క. కళ్లజోడు తుడిచి మిషనుకే కట్టి పంపాను. అద్దాలు బాగానే ఉన్నాయి. నలభై ఏళ్లలో మీరు దాంట్లో వేసినవాటిలో అదొక్కటే వంకర లేకుండా బయటికొచ్చింది. సరదాకి అన్నాను, కోపం తెచ్చుకోకండి.

*

బావగారికి,

కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకునే ఓపిక లేదు.

ముందు లెక్క. ఇరవై మూడు బల్లలు చూశాను. టైలరు గుడ్డ కత్తిరిస్తుంటే మధ్యలో ఆపి, గుడ్డ తీసేయించి చూశాను. కార్డు దూరలేదు. పోస్టాఫీసుకి వెళ్తే, బల్లలు వెనక్కి తీసుకుపోతున్నానని అప్పటికే పుకారు పుట్టిందట, పోస్టుమాస్టరు రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆయన చేతుల సందులోంచి చూశాను. దూరలేదు. డాక్టరమ్మ పరీక్ష బల్ల మీద ఒక రోగి పడుకుని ఉన్నాడు. కదలొద్దని చెప్పి అతని నడుం పక్కనుంచి బద్ద పెట్టాను. "ఇదేం పరీక్షండీ" అని అతను బెంబేలుపడితే, "ఇది నీకు కాదులే" అంది డాక్టరమ్మ. దూరలేదు. ఇరవై మూడింటిలో ఒక్కదాని కింద కూడా దూరలేదు. ఆ కార్డు దీంతోపాటు పంపిస్తున్నాను. మూలలన్నీ మడతపడ్డాయి చూడండి, దూరబోయి దూరలేక అయినవే అవి.

ఇక అసలు సంగతి. మీ దగ్గర్నుంచి మిషను వచ్చింది. చప్పుడు లేదు, వణుకు లేదు, కొత్త పెళ్లికొడుకులా ఉంది. సంతోషంగా లైబ్రరీ బల్లకి మొదటి రెండు పలకలు పెట్టాను. ఎప్పట్లాగే చేతి చిత్రిక పట్టాను. పక్కపక్కన పెట్టి అరచెయ్యి వేశాను.

మెట్టు తగిలింది బావగారూ. నలభై ఏళ్లలో నా చేతికి తగలనిది తగిలింది. మళ్లీ రెండు పలకలు చేశాను. మళ్లీ మెట్టు. నాలుగు జతలు చేశాను, నాలుగింటికీ మెట్టే. ఎడమ అంచు కార్డు మందం తక్కువ. ఎక్కువ కాదు, తక్కువ. ఆడలేక మద్దెల ఓడన్నాడని అంటారని నాకు తెలుసు. కానీ ఇది నేను నలభై ఏళ్లు ఆడిన మద్దెల. మీ దగ్గరికి వెళ్లొచ్చాకే ఓడయింది.

గడువు ఇంకో అయిదు వారాలుంది. మంచి కలప నాలుగు జతలు పాడైంది. లైబ్రరీ ఆయన రోజూ వచ్చి నవ్వుతూ వెళ్తున్నాడు. నేను ఆయనకి మొహం చూపించలేక పొట్టు ఎత్తుతున్నట్టు వంగుతున్నాను.

మీ అమ్మాయి కులాసాగా ఉంది.

ఇట్లు,
వడ్రంగి.

తా.క. కళ్లజోడు పెట్టుకున్నాను. మెట్టు ఇంకా బాగా కనిపిస్తోంది.

తా.క. నాన్నా, మెట్టు నిజమే, నేనూ తడిమి చూశాను. నీ పని తప్పంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మామయ్యగారి చెయ్యి తప్పనే ధైర్యం నాకు లేదు. ఆయన మూడు రోజులుగా నాతో మాట్లాడకుండా, "వాళ్లమ్మాయిని మంచినీళ్లు ఇమ్మను" అని మీ అల్లుడితో చెబుతున్నారు. ఈ ఉత్తరం కూడా అల్లుడికి చెబితే అతను నాకు చెప్పాడు, నేను రాశాను.

*

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు పంపిన కార్డు చూశాను. ఆ మూలలు అబద్ధం చెప్పవు.

ఇరవై మూడు బల్లలు తిన్నగా ఉన్నాయంటే వాటిని కన్న మిషను తిన్నగా ఉన్నట్టే. తిన్నటి మిషనులో నాకు కార్డు మందం తేడా కనిపించిందంటే ఆ తేడా నా కంట్లో ఉన్నట్టు. తొమ్మిదో రోజున నాకు అనుమానం వచ్చింది కూడా. అక్కడే ఆగాల్సింది. సంతోషంలో ఉన్నవాడు ఆగడు. పదకొండు రోజులు కూర్చుని ఒక మంచి పీఠాన్ని నా చేతులతో వంకర చేశాను. మీరు ముట్టుకోవద్దని మొదటి ఉత్తరంలోనే చెప్పారు.

మీ పేరు ఆ బల్ల మీద ఉందని తెలిసీ ఈ పని చేశాను. చాలా సిగ్గుగా ఉంది బావగారూ. ఇంతకన్నా ఎలా రాయాలో తెలియడం లేదు.

మా పక్క ఊళ్లో నాకన్నా చిన్నవాడు, నా దగ్గరే పని నేర్చుకున్న ఫిట్టరు ఉన్నాడు. కళ్లు మంచివి. అతన్ని మీ దగ్గరికి పంపిస్తాను, మిషను మళ్లీ సరిచేస్తాడు. నేను రాను. ప్రింటింగ్ ప్రెస్సు ఆయన పాత కోత మిషను బాగుచెయ్యమని అడిగితే చెయ్యనని చెప్పేశాను. ఆకురాళ్లు, గోకుడు ఉలులు కూడా ఈ కుర్ర ఫిట్టరుకే ఇచ్చేద్దామని తుడిచి పెట్టాను. ముప్పై మూడేళ్లు చేసినవాటిలో ఇంకెన్ని ఇలా ఉన్నాయో నాకు తెలియదు. ఆ సంగతి ఆలోచించకుండా ఉండటమే ఇప్పుడు నా పని.

ఒక్క మనవి. తప్పు నాది, మా అమ్మాయిది కాదు. మంచినీళ్లు దాన్నే అడగండి.

మీ బావ.

తా.క. షెడ్డు తాళంచెవి మా ఇంటావిడకి ఇచ్చేశాను. ఆవిడ పుచ్చుకోలేదు. భోజనాల బల్ల మీద పెట్టి వచ్చేశాను. నాలుగు రోజులుగా అక్కడే ఉంది. ఇద్దరం దాన్ని కదపకుండా భోంచేస్తున్నాం.

*

బావగారికి,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు అర్థం కాకపోతే వదిలేసి ముందుకి వెళ్లండి, ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాను. మా కోడలు రాయనంది. ఎందుకు రాయనందో వరసలో వస్తుంది.

మీ ఉత్తరం వచ్చినరోజు నేను గెలిచాననుకోవాలి. అలా ఏమీ అనిపించలేదు. మా కోడలు చదువుతూ తాళంచెవి దగ్గర ఆగింది, ఈసారి మంచినీళ్ల కోసం కాదు. నేను లేచి వెళ్లి పనిలో కూర్చున్నాను. చేతి చిత్రికలో కత్తి బిగించే చీల మీద సుత్తి వేశాను. చీల తప్పుకుంది, నా బొటనవేలు తప్పుకోలేదు. డాక్టరమ్మ కట్టుకట్టి, రెండు వారాలు చిత్రిక ముట్టుకోవద్దంది. గడువు చూస్తే నాలుగు వారాలు.

"నేను పట్టనా మామయ్యగారూ" అంది మా కోడలు. ఏడాదిగా చూస్తోంది, మీ షెడ్డులో ఆకురాళ్ల మధ్య పెరిగిన పిల్ల. "పట్టు, పాడైనదాన్ని కొత్తగా పాడుచేసేదేముంది" అన్నాను. అని, అటు తిరిగి కూర్చున్నాను. అది రెండు పలకలు మిషనులో పెట్టింది, చేతి చిత్రిక పట్టింది, పక్కపక్కన పెట్టి నన్ను పిలిచింది. ఎడం చెయ్యి వేసి నడిపించాను. మెట్టు లేదు. నా ఎడం చేతిని నమ్మలేక టైలర్ని పిలిచాను. వేళ్లతో బతికే మనిషి. ఆయనకీ తగల్లేదు. ఇంకో రెండు చేయించాను. లేదు.

"ఏం చేశావమ్మా" అన్నాను.

"ఏం చెయ్యలేదు మామయ్యగారూ. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమానంగా లాగాను. ఆఖర్న మీరు ఎడమ అంచు మీద ఇంకో మూడుసార్లు లాగుతారు కదా, అదొక్కటే మానేశాను."

"నేను లాగను."

"లాగుతారు."

"నేనెప్పుడూ లాగలేదు."

"రోజూ లాగుతారు మామయ్యగారూ. అది మీ పనిలో రహస్యమేమో, కోడల్ని నేను అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, కట్టుతోనే చిత్రిక పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. "లెక్కపెట్టు" అన్నాను. అది పైకి లెక్కపెట్టింది. అటూ ఇటూ సమానంగా పన్నెండు. అయిపోయిందనుకుని నేను ఆగాను. నేను ఆగానే గానీ నా చెయ్యి ఆగలేదు. ఎడమ అంచు మీదికి వెళ్లి ఒకటి, రెండు, మూడు లాగి, అప్పుడు చిత్రిక కింద పెట్టింది. కళ్లు తెరిచి ఆ చేతి వంక చూశాను. ఎవరిదో అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మిషను కొన్న కొత్తల్లో ఆరు నెలలు నా పలకలకి మెట్టు వచ్చేది. తరవాత తరవాత పోయింది. పని వచ్చేసిందని అందరికీ చెప్పుకున్నాను.

మీరు చెప్పింది నిజం బావగారూ. నా మిషను నలభై ఏళ్లు ఎడమ పక్క కార్డు మందం వదిలేసింది. నేను చెప్పిందీ నిజమే. నా చెయ్యి నలభై ఏళ్లు ఆ కార్డు మందం తీసేసింది. వాటిల్లో అవి సర్దుకున్నాయి, నాకు మాత్రం చెప్పలేదు. మీరొచ్చి మిషనుని తిన్నగా చేశారు. చేతికి ఆ కబురు అందలేదు. మీ కంట్లో ఏ దోషమూ లేదు. మీ చేతుల్లోనూ లేదు. ముప్పై మూడేళ్లలో మీరు చేసిన ఏ మిషను దగ్గరికీ వెళ్లి చూసుకోనక్కర్లేదు. నా మాటగా ఆ తాళంచెవి తీసుకుని షెడ్డు తెరవండి. ప్రెస్సు ఆయనకి కబురంపండి. కుర్ర ఫిట్టరు ఇక్కడికి రాలేదు, ఇంక పంపొద్దు, అతనికి ఏమీ ఇవ్వొద్దు.

క్షమించమని రాయడం నాకు రాదు, ఇన్ని వారాలు ఆలస్యం చేసినందుకు కూడా. అరగంట ప్రయత్నించాను. రాశాననుకుని చదువుకోండి.

ఇక మా కోడలు ఎందుకు రాయనందో చెబుతాను. వేలు మానాక నేను చేతిని దారికి తెద్దామని చూశాను. పన్నెండు దగ్గర ఆపమని మా అబ్బాయిని పక్కన నిలబెట్టాను. వాడు ఆపమన్నప్పుడు ఆగింది, వాడు ఆఫీసుకి పోగానే మూడూ లాగింది. అయిదు రోజులు చూశాను. అరవై ఆరేళ్ల చెయ్యి, ఇంక మాట వినదు. అందుకని మీకు ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాను. "బావగారూ, దయచేసి మీ ఉలులు తీసుకుని ఒకసారి రండి. పాత వంకర సరిగ్గా కార్డు మందం మళ్లీ పెట్టి వెళ్లండి."

మా కోడలు కలం కింద పెట్టేసింది. "రాయను మామయ్యగారూ. నాన్న పదకొండు రోజులు కూర్చుని చేసింది పాడుచెయ్యమని నా చేత్తో రాయను" అంది. ఆ పిల్ల నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"అయితే ఈ వయసులో నేను కొత్త చెయ్యి ఎక్కణ్నించి తేను?" అని అరిచాను.

దాని చేతులకి పొద్దున ఊడ్చిన పొట్టు ఇంకా అంటుకుని ఉంది. నేను చూస్తున్నానని గమనించి వాటిని వెనక్కి పెట్టుకుంది. నలభై ఏళ్లు ఆ మిషను దగ్గర నేను తప్ప ఇంకొకరు నిలబడలేదు. నిలబడగలరని నాకు తట్టనే లేదు. "పొద్దున్నే రా, మిగతా మూడు పలకలు నీవే" అన్నాను.

మొత్తం ఏడు పలకలూ అదే చేసింది. కాళ్లు, బెజ్జాల్లో దిగే కూసాలు, అతుకులు నావి. గడువుకి రెండు రోజుల ముందే బల్ల లైబ్రరీకి చేరింది. ఇప్పుడు దాని మీద జనం చదువుకుంటున్నారు. ఒకాయన పేపరు చదవడం మానేసి అరచేత్తో ఆ చివర్నించి ఈ చివరిదాకా తడిమి, అతుకు ఎక్కడుందని నన్నే అడిగాడు.

మా పనిలో ఒక పద్ధతుంది. బల్ల పైభాగం వాడుకునేవాళ్లది. కింది భాగం చేసినవాడిది. పని పూర్తయ్యాక వెల్లకిలా పడుకుని, లోపలి వైపు మన ఇనప ముద్ర సుత్తితో కొట్టాలి. మొన్న నా ముద్ర పట్టుకుని వెళ్లి ఆ బల్ల కింద పడుకున్నాను. అటూ ఇటూ చదువుకునేవాళ్ల కాళ్లు. ముద్ర ఆనించాను. సుత్తి ఎత్తాను. ఎత్తి అలాగే ఉండిపోయాను. లైబ్రరీ ఆయన వంగి, నిద్రపోయారా అని అడిగాడు. కొట్టకుండా బయటికొచ్చేశాను. ఈ ఊళ్లో నా ముద్ర ఎన్నో బల్లల కింద ఉంది. ఒక్కటీ నాది కానిదాని మీద కొట్టలేదు.

మీరు ఫిట్టరు. ఉక్కు మీద అక్షరం చెక్కడం మీకు నేను చెప్పక్కర్లేదు. షెడ్డు తెరిచాక ముందుగా నాదొక పని చెయ్యండి. మా అమ్మాయి పేరులో మొదటి అక్షరంతో ఒక ముద్ర చేసి, మీరే తీసుకుని రండి. దానికి ఇప్పుడే చెప్పొద్దు. ఆ రోజు బల్ల కింద అది పడుకుని కొడుతుంది. దెబ్బకి బల్ల అదరకుండా మీరొక పక్కా నేనొక పక్కా పట్టుకుందాం.

ఇట్లు,
మీ బావ.

తా.క. ముద్ర నాదానికన్నా చిన్నదిగా చెయ్యకండి. నాది చిటికెనవేలి గోరంత ఉంటుంది. సరిగ్గా అంతే ఉండాలి.